మేము, మనం

ఉద్యోగం చేసే ఆడవాళ్ళకి పిల్లల ముద్దుమురిపాలు దక్కవు అనే మాట ముప్పై ఏళ్ళుగా వింటున్నాను. పేరంటాల్లో విన్నాను, బస్సులో పక్క సీటావిడ దగ్గర విన్నాను, బ్యాంకులో కౌంటరు అవతలి నుంచి కూడా విన్నాను. అనేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. జాలితోనే అంటారు. "పాపం, పొద్దున్న పోతే చీకటిపడ్డాక గాని ఇల్లు చేరదు. పిల్ల ఎప్పుడు నడిచిందో, ఎప్పుడు మాట్లాడిందో ఆవిడకేం తెలుస్తుంది?" అంటారు.

నేను కామర్సు చదివినదాన్ని. అందుకని ఈ మాటని ఒకసారి కాగితం మీద లెక్క వేసి చూశాను. ఏడాదిలో పనిరోజులు 290 అనుకుందాం. ఆ రోజుల్లో మా పాప మెలకువగా ఉండగా నేను ఇంట్లో ఉన్నది పొద్దున్న ఒక గంట, సాయంత్రం రెండు గంటలు. అంటే 870 గంటలు. ఆదివారాలు, పండగలు, పెట్టిన సెలవులు కలిపి మిగిలిన 75 రోజులకీ పన్నెండేసి గంటలు వేసుకుంటే 900. మొత్తం 1,770. పసిపిల్ల మెలకువగా ఉండేది రోజుకి పన్నెండు గంటల చొప్పున ఏడాదికి 4,380. నూటికి నలభై వంతులు నాకు దక్కాయన్నమాట. మిగతా అరవై ఎవరికి దక్కాయి, వాళ్ళు వాటిని ఏం చేశారు, నా నలభైతో నేనేం చేసుకున్నాను? ఈ నాలుగు మాటలూ రాస్తున్నది అది చెప్పడానికే.

మాది బరంపురం. మా పెద్దలు ఎక్కడి నుంచీ వలస వచ్చినవాళ్ళు కాదు. వాళ్ళు ఉన్నచోటే ఉన్నారు, రాష్ట్రమే మారింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రం అయ్యేదాకా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఆ తరవాత కోర్టులో, బడిలో భాష మారింది గాని ఇంట్లో తెలుగు ఇంట్లోనే ఉండిపోయింది. నేను బి.కాం. ఇక్కడే చదివి 1991లో బ్యాంకులో గుమస్తాగా చేరాను. 1997 ఫిబ్రవరిలో పాప పుట్టింది. ప్రసూతి సెలవుకి నా ఖాతాలో ఉన్న సెలవులన్నీ కలుపుకుని ఐదు నెలలు ఇంట్లో ఉన్నాను. ఆ తరవాత ఛత్రపురం బ్రాంచిలో పని. ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరం. పొద్దున్న ఎనిమిదింపావుకి ఇల్లు వదిలితే, లెడ్జర్లు కుదిరి డే బుక్ టాలీ అయిన రోజున సాయంత్రం ఆరున్నరకి ఇల్లు చేరేదాన్ని. పైసా తేడా వచ్చిన రోజున ఎనిమిది. అప్పటికి మా బ్రాంచికి కంప్యూటరు రాలేదు.

ఇంట్లో అత్తగారు, మావగారు ఉండేవారు. పక్క వాటాలో ఒక ఒరియా కుటుంబం ఉండేది. ఆ ఇంటావిణ్ణి మా పాప 'మావుసి' అనేది. మనం పిన్ని అన్నట్టు. ఆవిడకి ఇద్దరు మగపిల్లలు. ఆడపిల్ల లేదన్న దిగులు మా పాపతో తీర్చుకునేది.

బ్యాంకులో ఏటా డైరీలు ఇస్తారు కదా. నాకు వచ్చిన 1997 డైరీని పాప పేర పెట్టాను. సెలవు అయిపోయి డ్యూటీలో చేరిన రోజు రాత్రి మొదలుపెట్టాను. పడుకునే ముందు రెండు వాక్యాలు, అంతకంటే ఎక్కువ లేదు. ఆ రోజు కొత్తగా ఏం చేసింది, ఏం అంది, ఎవరు చూశారు. ఈ మూడో గడి ముఖ్యం. 'అత్తగారు చూశారు', 'మావుసి చూసింది', 'నేను చూశాను' అని రాసేదాన్ని. వోచరు మీద ఎవరు సంతకం చేశారో లేకపోతే ఎంట్రీ చెల్లదు. ఆ అలవాటే ఇక్కడికీ వచ్చింది. అలా ఐదేళ్ళకి ఐదు డైరీలు నిండాయి. ఇప్పుడు రాస్తున్న తేదీలూ మాటలూ అందులోవే.

మన ఇళ్ళలో పిల్లల ఎదుగుదలకి పిండివంటలతో ముడి ఉంది. బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాయసం, అడుగులు వేస్తే అరిసెలు, పలుకులకి పంచదార చిలకలు. ఊరిని బట్టి, ఇంటిని బట్టి వంటకం మారవచ్చు గాని వరస ఇదే. మా అత్తగారికి ఇందులో పట్టింపు ఎక్కువ. 1998 మార్చి నెలాఖరు. ఖాతాల ముగింపు రోజులు, తల ఎత్తే తీరిక లేదు. మధ్యాహ్నం మూడింటికి మేనేజరుగారి బల్ల మీది ఫోను నాకని పిలిచారు. గుండె గుభేలుమంది. ఆఫీసుకి ఇంటి నుంచి ఫోను వస్తే మంచి వార్త అయ్యే రోజులు కావవి. అవతల మావగారు. ఎస్.టి.డి. బూతు నుంచి చేశారు. "ఏం కంగారు లేదమ్మా. మీ అత్తగారు నీకో మాట చెప్పమంది. వచ్చేటప్పుడు అరిసెలకి బెల్లం పట్టుకురమ్మంది" అని పెట్టేశారు.

అరిసెలకి బెల్లం! ఫోను పెట్టేసి ఒక్క నిమిషం అలాగే నిలబడిపోయాను. మేనేజరుగారు ఒరియా ఆయన. "ఏమైనా ఇబ్బందా?" అని అడిగారు. "మా పాప నడిచిందండీ" అన్నాను. ఫోనులో బెల్లం మాట తప్ప ఇంకేమీ వినిపించని ఆయన నా మొహం కేసి వింతగా చూశారు. విషయం చెప్పాక ఆయనే, "మా ఇళ్ళలోనూ అరిసె పిఠా ఉంది, నాకు తేవడం మరిచిపోకండి" అన్నారు. అవును, అరిసె ఒరియా వాళ్ళకీ అరిసే. ఆ రాత్రి అత్తగారు బియ్యం నానబోశారు. మర్నాడు మావుసి వచ్చి పిండి కొట్టి, పాకం తన పద్ధతిలో పట్టింది. నువ్వులు ఎక్కువ వెయ్యాలని ఆవిడ, అక్కర్లేదని అత్తగారు. పాప ఆ రెండు పీటల మధ్య నాలుగు అడుగులు వేసి చూపించింది. డైరీలో రెండు ఎంట్రీలు ఉన్నాయి. ఒకటి, 'నడిచింది, అత్తగారు చూశారు'. రెండోది, 'నడిచింది, నేను చూశాను'. రెండోదాని ఆనందం మొదటిదానికి ఏమాత్రం తీసిపోలేదు.

నడక తరవాత మాటలు. మా పాపకి మొదటి నుంచీ రెండు భాషలు. మామ్మ దగ్గర నీళ్ళు, మావుసి దగ్గర పాణి. మామ్మ దగ్గర అన్నం, మావుసి దగ్గర భాత. ఏడాదిన్నర పిల్లకి అవి రెండు భాషలని ఎవరూ చెప్పలేదు. మనిషిని చూసి మాట మార్చేది. రెండు వాటాలకీ మధ్య ఒక గుమ్మం ఉండేది. గుమ్మానికి ఇటు నిలబడి 'నీళ్ళు' అని, అటు దాటి 'పాణి' అనేది. నేను సాయంత్రం ఇంటికి రాగానే మాత్రం రెండూ కలిపి అడిగేది. ఎప్పుడో వచ్చే ఈ మనిషి ఏ భాష మనిషో తేల్చుకోలేకపోయిందేమో అని మావారు నవ్వేవారు.

రెండేళ్ళు నిండాక మెట్లు లెక్కపెట్టడం మొదలైంది. మామ్మ ఒకటి, రెండు, మూడు అని నేర్పింది. మావుసి ఏక, దుయి, తిని, చారి అని నేర్పింది. పాప రెంటినీ కలిపి, "ఒకటి, రెండు, తిని, చారి" అంటూ ఎక్కేది. అత్తగారు వంటింట్లోంచి, "ఏం తినే? ఏం తిని చారు అడుగుతున్నావే?" అని కేకేసేవారు. ఇంకో ఆరు నెలలకి 'చెట్టులు', 'ఇల్లులు' వచ్చాయి. 'చెట్లు, ఇళ్ళు' అని మేమంతా అంటూనే ఉన్నాం, 'ఇల్లులు' అని మా ఇంట్లో ఎవరూ అనలేదు. మరి ఎక్కడి నుంచి వచ్చింది? పాపే తయారుచేసుకుంది. బొమ్మకి బొమ్మలు, పిల్లికి పిల్లులు అయినప్పుడు ఇల్లుకి ఇల్లులు కాదా? మనం చెప్పింది చెప్పినట్టు అనడం చిలక కూడా చేస్తుంది. చెప్పనిది కూడా సూత్రం కట్టి అనడం మనిషి పిల్లే చేస్తుంది. ఆ మాట విన్న రాత్రి మా పిల్ల ఏదో పరీక్ష పాసైనట్టు అనిపించింది. దిద్దబోయిన మావారిని కూడా ఆపాను. నాలుగు నెలలకి దానంతట అదే 'ఇళ్ళు' అయింది.

ఇక్కడ ఒక తెలుగు మాట గురించి చెప్పాలి. తెలుగులో 'మేము' వేరు, 'మనం' వేరు. ఎదుటి మనిషిని కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. ఇంగ్లీషులో రెంటికీ 'వుయ్' ఒక్కటే. హిందీలో 'హమ్' ఒక్కటే. తమిళనాడులో ఉన్నవాళ్ళకి నామ్, నాంగళ్ తెలుసు. మహారాష్ట్రలో ఉన్నవాళ్ళు ఆపణ్, ఆమ్హీ రోజూ వింటూనే ఉంటారు. కన్నడంలో ఇప్పుడు రెంటికీ 'నావు' ఒక్కటే మిగిలింది. మనకి చిన్నప్పటి నుంచి అలవాటు కనుక ఇందులో విశేషం ఉందని తోచదు. పిల్ల నేర్చుకుంటుంటే చూసినప్పుడు తెలుస్తుంది అదెంత సూక్ష్మమైనదో.

మా పాపకి ముందు 'మనం' వచ్చింది. పొద్దున్న నేను చెప్పులు వేసుకుంటుంటే తనూ చెప్పులు తెచ్చుకుని, "మనం బ్యాంకుకి పోదాం" అనేది. మనం అన్నం తిందాం, మనం జో కొడదాం. అందరితోనూ, అన్నిటికీ మనమే. మావుసి ఇంట్లో ఏం జరిగిందో నాకు చెప్పేటప్పుడు కూడా, "మనం అప్పచ్చి తిన్నాం" అనేది. నేను లేను కదా అని ఆ పిల్లకి తోచేది కాదు. నాకదే బాగుండేది.

1999లో నాకు ఆఫీసరుగా ప్రమోషన్ వచ్చింది. అక్టోబరులో హైదరాబాదులో రెండు వారాల శిక్షణ. ముగించుకుని 16న రైలెక్కాను. ఆ 17, 18 తేదీల్లోనే గోపాల్‌పూర్ దగ్గర తుపాను తీరం దాటింది. ఆ నెల 29న వచ్చిన మహా తుపాను దేశమంతటికీ గుర్తుంది. గంజాం జిల్లా వాళ్ళకి మాత్రం అంతకుముందు వచ్చిన ఇదే ఎక్కువ గుర్తు. మా రైలు విశాఖపట్నంలో ఆగిపోయింది. ముందుకి దారి లేదు, ఫోన్లు లేవు. ఒక బంధువుల ఇంట్లో కూర్చుని రేడియో వింటూ గడిపిన ఆ రెండు రోజుల గురించి ఎక్కువ రాయలేను. చివరికి బస్సు, లారీ, నడక, ఏది దొరికితే అది పట్టుకుని ఇల్లు చేరాను. దారి పొడుగునా చెట్లు కూలి ఉన్నాయి. మా వీధిలో కరెంటు స్తంభాలు అడ్డంగా పడి ఉన్నాయి. మా ఇల్లు నిలిచింది. మావుసి వాళ్ళ వాటా మీది రేకులు ఎగిరిపోయాయి.

పాప వాకిట్లోనే ఉంది. పరిగెత్తుకొచ్చి నా చీర పట్టుకుంది. అప్పటికి దానికి రెండేళ్ళ ఎనిమిది నెలలు. ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. "అమ్మా, గాలి వచ్చింది. పే...ద్ద గాలి. మేము మంచం కింద పడుకున్నాం. నువ్వు లేవు."

మేము. ఆ మాట మా పాప నోట నేను మొదటిసారి విన్నది అప్పుడే. ఎక్కడా తప్పు లేదు. ఎక్కడ వాడాలో అక్కడే వాడింది. నన్ను తీసేసి మిగిలినవాళ్ళని లెక్కపెట్టింది. మామ్మ, తాతయ్య, నాన్న, మావుసి, మావుసి పిల్లలిద్దరూ, తను. ఆ రాత్రి ఏడుగురూ ఆ గదిలో రెండు మంచాలు దగ్గరికి లాక్కుని, పిల్లల్ని కిందకి తోసి, తెల్లవార్లూ అలాగే ఉన్నారట. అందులో నేను లేను. పిల్ల నిందగా అనలేదు. ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పింది. గుండెల్లో కలుక్కుమంది. చిత్రమేమిటంటే ఆ క్షణంలోనే, ఇంత చిన్నపిల్లకి మేము, మనం తేడా తెలిసిపోయిందే అని లోపల్లోపల పొంగిపోతున్నాను కూడా. ఏడుపూ సంతోషమూ ఒకేసారి రావడం కథల్లో చదివితే నమ్మేదాన్ని కాదు.

ఆ సాయంత్రం కిరసనాయిలు దీపం వెలుగులో అందరం కూర్చున్నాం. పాప నా చెయ్యి పట్టుకుని మంచం దగ్గరికి లాక్కెళ్ళింది. "రా అమ్మా. ఇప్పుడు మనం పడుకుందాం. గాలి వచ్చిందీ!" అని తనే నోటితో గాలి ఊదింది. శిక్షణకి కట్టుకెళ్ళిన పట్టుచీర ఇంకా ఒంటిమీదే ఉంది. అలాగే మంచం కింద దూరాను. మావుసి పిల్లలూ వచ్చి దూరారు. నేను లేనప్పుడు జరిగినదాన్ని పిల్ల నా కోసం మళ్ళీ జరిపించింది. వారం రోజుల పాటు ప్రతి సాయంత్రం అదే ఆట. భయం దానికి అలా తీరింది. నాకూ అలాగే తీరిందనుకుంటాను.

ఆ రోజు నుంచి 'మేము' అన్న మాట నాకు కష్టంగా లేదు. దాని 'మేము'లో ఎంతమంది ఉన్నారో చూశాను కదా. రేకులు ఎగిరిపోయిన ఇంటివాళ్ళు కూడా ఉన్నారు. నూటికి అరవై వంతులు ఎవరికి దక్కాయని మొదట్లో అడిగానే, ఆ ఏడుగురిలో మిగిలినవాళ్ళకి. వాళ్ళేమీ నా వాటా తినెయ్యలేదు. పిల్లకి ఒక మేము ఏర్పరిచి ఇచ్చారు. ఇక 'మనం' అన్న మాట కూడా ఆ తరవాత బరువుగా వినిపించేది. ఇంతకుముందు తేడా తెలియక అన్నది, ఇప్పుడు తెలిసి పిలుస్తోంది.

మూడున్నరేళ్ళకి అక్షరాలు వచ్చాయి. 2000లో గణేశ పూజ నాడు మావుసి తన చిన్నవాడికి 'ఖడి ఛువాఁ' చేయిస్తూ మా పాపని కూడా కూర్చోబెట్టింది. అది వాళ్ళ అక్షరాభ్యాసం. ఖడి అంటే మెత్తటి సుద్ద. దానితో ముందు నేల మీద మూడు సున్నాలు చుట్టిస్తారు. బ్రహ్మ, విష్ణువు, మహేశ్వరుడు. ఆ తరవాతే అక్షరాలు. మర్నాటి నుంచి మా ఇంట్లో గచ్చు మీద, గోడ మీద, నా వోచర్ల కట్ట వెనకా అన్నీ మూడేసి సున్నాలే. వసంత పంచమికి మావగారు పళ్ళెంలో బియ్యం పోసి తెలుగులో ఓనమాలు దిద్దించారు. అలా పాపకి రెండు అక్షరాభ్యాసాలు అయ్యాయి. అయితే బడిలో ఉన్నవి ఇంగ్లీషు, హిందీ, ఒరియా. తెలుగు లేదు. బయట ఉన్న మన పిల్లలందరి పరిస్థితీ ఇదే. తెలుగు అక్షరం రావాలంటే ఇంట్లోనే రావాలి.

నా సాయంత్రపు రెండు గంటల్లో ఒక అరగంట దానికి పెట్టాను. పలక పట్టుకుని కూర్చోబెడితే రెండో రోజుకే పారిపోయింది. దానితో క్యాలెండరు చూడడం మొదలుపెట్టాను. తెలుగు క్యాలెండరు గోడ మీద ఉంటుంది, ఏ పండగ ఎప్పుడో అని పిల్లలకి ఆత్రం ఉంటుంది. ఒకనాడు మావుసి ఇంటి ఒరియా క్యాలెండరునీ మా క్యాలెండరునీ పక్కపక్కన పెట్టి చూసి, "అమ్మా, మావుసి అక్షరాలకి గొడుగులున్నాయి, మన అక్షరాలకి పిలకలున్నాయి" అంది. నిజమే. ఒరియా అక్షరానికి నెత్తిన గొడుగులా వంపు, మనకి తలకట్టు. నాకు రెండు లిపులూ చిన్నప్పటి నుంచి వచ్చు, ఒక్కనాడూ అలా చూడలేదు. తాటాకు మీద గంటంతో అడ్డగీత గీస్తే ఆకు చీలుతుందని, అందుకే ఈ రెండు లిపులూ గుండ్రంగా తిరిగాయని పెద్దలు చెబుతారు. ఆ మాట చెప్పాను. చెప్పినదానికంటే గొడుగూ పిలకే దానికి బాగా గుర్తున్నాయి.

చదవడం చందమామతో వచ్చింది. 1947 జూలైలో తెలుగు, తమిళాల్లో మొదలైన ఆ పత్రిక తరవాత చాలా భాషల్లో వచ్చింది. ఒరియాలో దాని పేరు జహ్నమాము. మా ఇంట్లో మావగారు దాచిన పాత చందమామలు, మావుసి ఇంట్లో పాత జహ్నమాములు. ఒకరోజు నేను ఇంటికి వచ్చేసరికి పాప రెండు పుస్తకాలు నేల మీద పరిచి కూర్చుంది. రెంటిలోనూ శంకర్ గారు వేసిన విక్రమార్కుడే, భుజం మీద శవం, చేతిలో కత్తి. "వీడు మావుసి ఇంట్లోనూ ఉన్నాడు" అని ఆశ్చర్యం. ఆ బొమ్మ కింద ఉన్న మాటలు అక్కడా ఇక్కడా ఒకటేనా అన్నది దాని ప్రశ్న. అది తేల్చుకోవడానికే చదవడం నేర్చుకుంది. 2001 దీపావళి నాటికి తెలుగులో కూడబలుక్కుని ఒక పేజీ చదివింది. డైరీలో ఆ ఎంట్రీ కింద, 'నేను చూశాను' అని ఉంది. కలం గట్టిగా నొక్కి రాసినట్టు వెనక పేజీలో కూడా తెలుస్తుంది.

ఇక మా ఇంటి బ్యాంకు. సీసా మూతలు టోకెన్లు, స్టూలు కౌంటరు, తాతయ్య ఖాతాదారు. "టోకెన్ నంబరు మూడు!" అని అరిచి ఆయనకి బిస్కెట్టు ఇచ్చి వేలిముద్ర వేయించుకునేది. ఒక ఆదివారం ఐదు రూపాయి నాణేలు దగ్గర దగ్గరగా, ఇంకో ఐదు ఎడంగా ఒక్కో వరస పేర్చాను. ఏది ఎక్కువ అంటే ఎడంగా ఉన్నదే ఎక్కువంది. లెక్కపెట్టించాను. ఇదీ ఐదు, అదీ ఐదు. "అయినా అదే ఎక్కువ" అంది. నాలుగేళ్ళ పిల్ల. ఆ వయసు పిల్లలు చాలామంది అలాగే అంటారని, జాఁ పియాజే అనే స్విట్జర్లాండ్ పండితుడు పిల్లల అంకెల జ్ఞానం మీద 1941లో ఒక పుస్తకమే రాశాడని నాకు తరవాతెప్పుడో తెలిసింది. అప్పుడు మాత్రం వాదించకుండా నాణేలు తీసేశాను. నాలుగైదు నెలలకి ఒకసారి అదే ఆట. ఐదున్నరేళ్ళు దాటాక ఒకనాడు నా కేసి జాలిగా చూసి, "నువ్వు జరిపావు అంతేగా అమ్మా, ఉన్నవి అన్నే" అంది. నేను చెప్పలేదు, బడిలో చెప్పలేదు. లోపల ఎప్పుడో పండింది. అలాంటిది కళ్ళారా చూడడానికి రోజంతా ఇంట్లో ఉండనక్కర్లేదు. అడగాల్సిన రోజున అడిగి, ఆ పూట తొందరపడకుండా కూర్చుంటే చాలు.

ఇదంతా ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, మా బ్రాంచిలో శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన ఒక అమ్మాయి పనిచేస్తోంది. ఏడాది దాటిన బాబు. వాళ్ళమ్మగారు వచ్చి చూసుకుంటున్నారు. మా రోజుల కంటే ఇప్పుడు కొన్ని నయం. 1961 నాటి చట్టంలో 12 వారాలుగా ఉన్న ప్రసూతి సెలవుని 2017లో మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాలు చేశారు. యాభై మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల కోసం క్రెష్ ఉండాలని, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి చూసుకోవచ్చని కూడా అందులోనే పెట్టారు. పదిమంది ఉన్న మా బ్రాంచి లాంటి చోట్లకి అది అందదు. అందుకని ఆ అమ్మాయి భోజనాల వేళ సెల్‌ఫోనులో బాబుని చూసుకుంటుంది. చూసి కళ్ళు తుడుచుకుంటుంది.

ఒకరోజు అంది, "మేడమ్, బాబు మా అమ్మని 'అమ్మా' అంటున్నాడు. నేను ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను."

మానెయ్యమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. జీతం ఎంత అవసరమో, ఇంట్లో చూసుకునేవాళ్ళు ఎన్నాళ్ళు ఉంటారో, ఎవరి లెక్క వాళ్ళది. ఇంట్లో ఉండి పిల్లల్ని పెంచుకున్నవాళ్ళ సుఖం నాకు తెలియనిదీ కాదు, మా అమ్మ అలాగే పెంచింది. కాని ఈ ఒక్క కారణానికి మాత్రం మానొద్దన్నాను. తుపాను నాటి మాట చెప్పాను. నా బల్ల సొరుగులో వాడని డైరీ ఒకటి ఉంటే ఇచ్చి, మూడు గడులు గీసి చూపించాను. ఏం అన్నాడు, ఎవరితో అన్నాడు, ఎవరు చూశారు.

పది రోజుల తరవాత ఆ అమ్మాయి డైరీ తెచ్చి నా ముందు పెట్టింది. రాత్రీ పొద్దున్నా బాబుని గమనించిందట, వాళ్ళమ్మగారిని కూడా అడిగి రాసిందట. "ఎత్తుకున్నవాళ్ళందర్నీ అమ్మా అంటున్నాడు మేడమ్. మా అమ్మనీ, మా నాన్ననీ, పాలు తెచ్చే ఆయన్ని కూడా. నన్నొక్కదాన్నే అనడం లేదు. నేను సాయంత్రం గుమ్మంలో కనిపించగానే, 'టాటా! టాటా!' అని అరుస్తూ పాక్కుంటూ వచ్చేస్తాడు. రోజూ పొద్దున్న నేను టాటా చెప్పి వస్తున్నాను కదా, అదే నా పేరనుకున్నాడు" అని పగలబడి నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

రాజీనామా మాట ఆ తరవాత ఎత్తలేదు. రేపు ఎత్తినా అది ఆమె ఇష్టం. డైరీ మాత్రం సాగుతోంది. మొన్న అడిగితే బాబు మాటలు ఇరవైమూడు అయ్యాయంది.